సంతకానికి పైన రాసిన మాట

పోయిన వారం శివమ్మను ఫంక్షన్ హాల్లో, రెండు వందల మంది ముందు, జవాబు లేకుండా నిలబెట్టి వదిలేశాం. అది చదవనివాళ్లకు సంగతి ఇది.

శివమ్మ ఈదులపల్లి మున్సిపాలిటీలో పదకొండో వార్డు కౌన్సిలర్. పటాన్‌చెరు దాటాక ఫ్యాక్టరీ గోడల మధ్య ఇరుక్కున్న ఊరది. ఊరి పక్క నుంచి ఈదుల వాగు పోతుంది. వాగుకు ఎగువన ఒక రసాయనాల కంపెనీ ఉంది. ఆ కంపెనీ ఇప్పుడున్నదానికి రెండింతలు పెరుగుతానంటోంది. పెరిగితే వాడిన నీళ్లను ఎక్కడో ఒకచోట వదలాలి. వాగులో వదులుతామంటే అనుమతి రాదు. మురుగు కాలువలో కలుపుతామంటే వస్తుంది. అందుకని కంపెనీవాళ్లు అది వాగే కాదు, మురుగు కాలువ అంటున్నారు.

మే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. దాన్ని నడపడానికి జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయన్ని అందరూ పెద్దసారు అన్నారు, మనమూ అదే అందాం. శివమ్మ లేచి అది వాగు అని చెప్పింది. కంపెనీ మేనేజర్ జైపాల్ వాదించలేదు. ఫైలులోంచి మూడు కాగితాలు తీసి పెద్దసారు ముందు పెట్టాడు. మూడేళ్లలో శివమ్మ మున్సిపాలిటీకి ఇచ్చిన మూడు దరఖాస్తులు. మూడింటిలోనూ ‘ఈదుల మురుగు డ్రెయిను’ అని ఉంది. మూడింటి కిందా ఆమె సంతకం, స్టాంపు ఉన్నాయి.

సంతకాలు మీవేనా అని పెద్దసారు అడిగాడు. నావే అంది. మరి మూడేళ్లు డ్రెయిను అని రాసి ఈ రోజు వాగు అంటే నేను ఏది రాసుకోవాలని అడిగాడు. ఒంటిగంట కొట్టింది. మూడింటికి మళ్లీ కూర్చుందామని చెప్పి ఆయన భోజనానికి లేచాడు. కిందటి వారం అక్కడ ఆగాం.

ప్రజాభిప్రాయ సేకరణ అంటే ప్రజల్ని అడగడమనుకునేవాళ్లు ఆ హాలు ఒకసారి చూడాల్సింది. మొదటి మూడు వరుసల కుర్చీలకు తెల్లగుడ్డ తొడిగారు. అందులో కంపెనీ లారీల్లో దిగిన మనుషులు కూర్చున్నారు. వాళ్ల పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఊరివాళ్లు వెనకాల, కొందరు కూర్చుని, కొందరు నిలబడి. బిర్యానీ పొట్లాలు కంపెనీవే. ఊరివాళ్లు కూడా తిన్నారు. ఆకలేస్తే తింటారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు.

శివమ్మ తినలేదు. గుమ్మం దగ్గర కిష్టప్ప ఆమెను ఆపాడు. వాగుకు దిగువన ఆయనకు రెండెకరాల మడి ఉంది. ఆ మడికీ, పక్కనున్న ఇళ్ల బోర్లకూ ఆ వాగే ఆధారం. కంపెనీ పైపు వాగులో కలిస్తే మొదట పోయేది ఆయన మడి. అరవై ఏళ్ల మనిషి, గట్టిగా అరిచే రకం కాదు.

"నువ్వు రాసినవా బిడ్డా గట్ల?" అని అడిగాడు.

రాయలేదు, సంతకం పెట్టానని చెప్పింది.

"రాసుడు వేరు, సంతకం పెట్టుడు వేరునా?" అన్నాడు. అని, చెయ్యి కడుక్కోవడానికి పోయాడు.

ఆమె భర్త నర్సింగ్ మూడో వరుసలో ఉన్నాడు. ఫ్యాన్ ఉందని అక్కడ కూర్చున్నానని పొద్దున్నే చెప్పాడు. అతనికి ఒక డీసీఎం వ్యాను ఉంది. ఫ్యాక్టరీలకు కిరాయి తిప్పుతాడు. ఈ చుట్టుపక్కల వ్యాను ఉన్నవాడెవడైనా చేసే పని అదే. రావు సారు ఇంటికి వెళ్లి ఆయన్ని తీసుకొస్తానని శివమ్మ చెప్తే అతనికి నచ్చలేదు. ముసలాయన మోకాలు వంగడం లేదని, ఆయన్ని పరేషాన్ చేయొద్దని అన్నాడు. మురుగు మోరీ అనో, వాగు అనో ఏదో ఒకటి చెప్పి బయటపడితే చాలన్నాడు. ఆమె స్కూటీ తాళంచెవి అడిగి తీసుకుంది. అతను తన కుర్చీ మీద ఎర్ర టవలు పరిచి, నీ కుర్చీ కూడా చూస్తుంటానని చెప్పాడు.

రావు సారు అంటే వెంకటేశ్వరరావు. ఆ మూడు దరఖాస్తులూ రాసిన చెయ్యి ఆయనది.

ఇది కొంచెం వెనక నుంచి చెప్పాలి. కౌన్సిలర్ కాకముందు శివమ్మ ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. ఆదివారం సెలవు. ఆ సెలవు రోజున పార తీసుకుని వాగులో పేరుకున్న చెత్త తీయడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. మొదటి ఆదివారం ఆమె ఒక్కతే. రెండో ఆదివారం నలుగురు. మూడో ఆదివారం కొత్త కాలనీ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సొంత పార, న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చుకున్నాడు. ఉద్యోగంలో వేసుకున్న ఇనప ముక్కు బూట్లే వేసుకొచ్చాడు. గుడివాడ వైపు మనిషి. ప్రభుత్వ ప్లాంటులో డ్రాయింగ్ సెక్షన్లో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు. ఆయన అక్షరాలు అచ్చు వేసినట్టు ఉంటాయి. నాలుగేళ్లలో ఆయన తప్పిన ఆదివారాలు రెండు.

శివమ్మ చదువు ఎనిమిదో తరగతి. కౌన్సిలర్ అయిన మొదటి నెలలో తన చేత్తో ఒక దరఖాస్తు రాసి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చింది. క్లర్కు దాన్ని పక్క టేబులతనికి చూపించి నవ్వాడు. ఒత్తులు తప్పు పోయాయట. ఆ రోజు నుంచి ఆమె రాయడం మానేసింది. ఆమె నోటితో చెప్పేది, వెంకటేశ్వరరావు రాసేవాడు. అంతటితో ఆగినా బాగుండేది. వానలకు ముందు వాగు పూడిక తీయించడానికి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో ఆఫీసువాళ్లు ముందు రోజు సాయంత్రం చెప్తారు. ఆ వేళకు ఆమె ఏదో బస్తీలో నీళ్ల ట్యాంకరు దగ్గర తగువు తీరుస్తూ ఉంటుంది. అందుకని వాగు పనుల కోసం ఐదు తెల్ల కాగితాలు తీసుకుని, కింద సంతకాలు పెట్టి, స్టాంపు వేసి ఆయనకు ఇచ్చేసింది. ఫోనులో రెండు మాటలు చెప్తే ఆయన పైన రాసి పంపేవాడు. ఇందులో పెద్ద కారణమేమీ లేదు. తీరిక లేదు, అంతే.

ఆమే మహిళా సంఘం మీటింగుల్లో చదవకుండ సంతకం పెట్టొద్దని చెప్తూ తిరిగేది.

కల్వర్టు దాటుతుండగా స్కూటీ ఆపి కిందికి చూసింది. నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. అంచున నురగ. పెళ్లై వచ్చిన ఏడు ఇక్కడే బట్టలు ఉతికింది. ఇప్పుడు వాగు మీద నుంచి పోయేవాళ్లంతా ముక్కు మూసుకుంటారు. కొత్తగా వచ్చి కిరాయికి ఉండేవాళ్లు దాన్ని ‘నాలా’ అంటారు. కుర్రకారు మోరీ అంటారు. వాసన వస్తే పేరు మారుతుంది. పాతవాళ్లు ఇంకా వాగే అంటారు, కానీ వాళ్లు కాగితాలు రాయరు.

వెంకటేశ్వరరావు ఇంట్లో తలుపు తీసింది ఆయన భార్య లక్ష్మీనరసమ్మ. శివమ్మ ముఖం చూసి ఏమీ అడగకుండా కంచంలో పెరుగన్నం కలిపింది. రెండు ముద్దలు తిని మాట్లాడమంది. శివమ్మ కంచం పక్కన పెట్టి, జైపాల్ దగ్గర ఫోనులో ఫొటో తీసుకున్న మూడు దరఖాస్తుల్ని వెంకటేశ్వరరావుకు చూపించింది. ఆయన కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు. కళ్లజోడు సర్దుకుని మూడూ చదివాడు. తప్పులు వెతుకుతున్నాడు. ఒక్కటీ కనిపించలేదు.

"నేనేం చెప్పిన సారు మీకు? వాగు పూడిక తీయాలె అని చెప్పిన. మీరు డ్రెయినని ఎట్ల రాసిండ్రు?"

"వాగునే కదమ్మా డ్రెయిను అన్నాను," అన్నాడాయన.

హాల్లో ఏం జరిగిందో ఆమె చెప్పింది. డ్రెయిను అంటే మోరీ అని, మోరీలో కంపెనీ నీళ్లు కలుపుకోవచ్చని వాళ్లు అంటున్నారని చెప్పింది. ఆయనకు మొదట అర్థం కాలేదు. డ్రెయినుకూ మోరీకీ ఏమిటి సంబంధం అన్నాడు. శివమ్మకు కోపం వచ్చింది. ఆటాడుతున్నాడనుకుంది. కానీ ఆయన ఆడడం లేదు. స్టూలు మీంచి కాలు దింపి, ముందుకు వంగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"మావైపు కాలువ చేలోకి నీళ్లు తెస్తుంది. డ్రెయిను చేలోంచి నీళ్లు తీసుకుపోతుంది. రెండూ పెద్దవే. మా ఊరి డ్రెయిన్లో పడవలు తిరిగేవమ్మా. కొర్రమీనులు పట్టేవాళ్లం. వేసవిలో గేదెలన్నీ అందులోనే."

"మరి మురుగు?"

"మురుగంటే చేలో ఎక్కువైన నీళ్లు. వాన నీళ్లు. దొడ్లో నీళ్లనుకున్నావా?"

శివమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నాలుగేళ్లు ఈయన ఆ వాగులో దిగి తవ్వాడు. పొలాల్లోంచి నీళ్లు తీసుకుపోయే పెద్ద ప్రవాహం, దీన్ని బాగు చేయాలి అనే తవ్వాడు. దానికి తనకు తెలిసిన మంచి పేరు పెట్టాడు. మున్సిపల్ ఆఫీసులో క్లర్కు ఆ పేరు చదివి సిమెంటు గోడల మధ్య పారే కక్కసు నీళ్లనుకున్నాడు. గుడివాడకూ సంగారెడ్డికీ మధ్య ఒక మాట తేడా పడింది. ఆ తేడాలోంచి కంపెనీ పైపు దూరబోతోంది.

తెలిసినా కోపం పోలేదు. కోపం అలా పోదు.

"నలభై ఏండ్లాయె మీరు ఈడికొచ్చి. ఇంక మీ ఊరి మాటే రాస్తరా సారు?"

"నలభై రెండు," అన్నాడు వెంకటేశ్వరరావు. ఆ మాట ఆయనకు తగిలింది. గొంతు తగ్గింది. "మొన్న మీ మాటే రాశాను కదమ్మా, నువ్వు..."

"మొన్నటి సంగతి ఇడ్సిపెట్టుండ్రి. ఈ మూడిటి సంగతి చెప్పుండ్రి," అని ఆమె ఆపేసింది.

లక్ష్మీనరసమ్మ అంతవరకు వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. ఇప్పుడు కల్పించుకుంది. ఆమె మాట్లాడితే మెత్తగా ఉంటుంది, కానీ తగలాల్సిన చోట తగులుతుంది.

"ఆయన మాట తప్పయితే మీ చెవులేమయ్యాయి శివమ్మా? ప్రతి ఆదివారం గట్టు మీద నిలబడి డ్రెయినూ డ్రెయినూ అంటూనే ఉన్నాడుగా. ఇక్కడ అలా అనకూడదండీ అని ఒక్కరు చెప్పారా? పార ఇచ్చారు, తవ్వాడు. ఆ మోకాలు పోయింది అక్కడే."

బయట ప్లాంటు సైరన్ మోగింది, రెండింటి షిఫ్టు. చాలాసేపు అది మోగి ఆగింది. తర్వాత శివమ్మ, ఎవరికీ ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. నేలవైపు చూస్తూ చెప్పింది.

"రెండో ఏడు శాంక్షన్ కాగితం వచ్చింది సారు. డ్రెయిన్ పూడికతీత అని ఉండె దానిమీద. నేను చదివిన. చదివి ఊకున్న. వాగు అంటే మాది గాదు, ఇరిగేషనోళ్ల దగ్గరికి పో అంటరు. డ్రెయినంటే మిషన్ వస్తుంది. పని అయితుంది గదా అనుకున్న."

"అంటే నీకు తెలుసు."

"తెలుసు."

ఆ ఏడు మిషన్ వచ్చింది. మూడు రోజులు పూడిక తీసింది. బస్తీవాళ్లు శివమ్మకు దండ వేశారు. ఆ దండ ఫొటో ఇప్పటికీ ఆమె ఫోనులో ఉంది. మేలు చేసే తొందరలో మనుషులు చేసే పనులు ఇలాగే ఉంటాయి. పని అయిపోతుంది, కాగితం మిగులుతుంది. పనిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. కాగితాన్ని ఎవడో ఒకడు ఫైలులో దాస్తాడు.

వెంకటేశ్వరరావు తానే వచ్చి చెప్తానన్నాడు. రాసింది నేను, తప్పు నాది, ఆమెకు తెలియదు అని చెప్తే ఆమె మీద మాట పడదని అన్నాడు. పదవిలో ఉన్న మనిషి మీద మచ్చ పడకూడదన్నాడు. అది సగం అబద్ధం. పనికొచ్చే అబద్ధం. శివమ్మ ఒక నిమిషం ఆలోచించింది. ఆలోచించలేదని రాస్తే నేను అబద్ధం రాసినట్టే.

"వద్దు సారు. డ్రెయినంటే మీ దిక్కు ఏందో గది మీరు చెప్పుండ్రి. సంతకం సంగతి నేను చెప్త."

లేచి నిలబడి, మిగిలిన సంతకాల కాగితాలు ఇమ్మని అడిగింది. ఇంకెప్పుడూ అలా ఇవ్వనంది. ఆయన భార్యతో అలమారలోంచి ప్లాస్టిక్ కవరు తెప్పించి, అందులోంచి ఒక తెల్ల కాగితం తీసి ఇచ్చాడు. "ఒకటే మిగిలిందమ్మా," అన్నాడు. కింద తన సంతకం, స్టాంపు చూసుకుంది. నాలుగు ముక్కలు చేసి కొంగులో ముడేసుకుంది. అప్పటికి రెండున్నర. తొందరలో ఉంది.

ఆయన్ని స్కూటీ వెనక ఎక్కించడానికి ఇద్దరు ఆడవాళ్లూ పట్టాల్సి వచ్చింది. చాచిన కాలు రోడ్డు మీదికి వచ్చింది. కొల్లూరు వైపు పోయే టిప్పర్లు హారను కొడుతూ పక్క నుంచి పోతుంటే ఆయన ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మూడింటికి పెద్దసారు వచ్చి కూర్చున్నాడు. మైకు శివమ్మ చేతికి ఇచ్చారు.

ఆమె పెద్దగా ఏమీ చెప్పలేదు. సంతకాలు తనవేనని, తెల్ల కాగితాల మీద ముందే పెట్టిచ్చానని, పైన ఏం రాశారో చదవలేదని చెప్పింది. తర్వాత ఒక కాగితంలో డ్రెయిన్ అన్న మాట చూసి కూడా, పని ఆగుతుందని నోరు మూసుకున్నానని చెప్పింది. వెనక వరుసల్లో మహిళా సంఘం ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. అందులో ఒకామె నవ్వింది. మీటింగుకు ఆలస్యంగా వచ్చిందని శివమ్మ మొన్ననే కోప్పడ్డ మనిషి. మొదటి మూడు వరుసల్లో నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. శివమ్మ మైకు వదల్లేదు.

పెద్దసారు నవ్వలేదు. పెన్ను కింద పెట్టాడు.

"చదవకుండా సంతకం పెట్టానని మీరే చెప్తే అది అలాగే రికార్డులో ఎక్కుతుంది. రేపు మీ మీదే వాడతారు. పదవి కూడా పోవచ్చు. రాయమంటారా?"

"రాయుండ్రి సారు. నా పదవి అయిదేండ్లది. వాగు గట్ల గాదు."

ఆయన రాయించాడు.

తర్వాత వెంకటేశ్వరరావుకు కుర్చీ వేశారు. ఆయన ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంట్లో చెప్పిందే మళ్లీ చెప్పాడు. కాలువ తెచ్చేది, డ్రెయిను తీసుకుపోయేది. పడవలు, కొర్రమీనులు, గేదెలు. మురుగు అంటే చేలో ఎక్కువైన నీళ్లు. ఈదుల వాగు పైకుంట నుంచి పొలాల నీళ్లు పట్టుకుని కింది చెరువుకు పోతుంది కాబట్టి మా వాడుకలో అది డ్రెయినే, ఆ మాట తిట్టు కాదు అన్నాడు. జైపాల్ లేచి ఇది గుడివాడ కాదు సార్ అన్నాడు. కొందరు నవ్వారు. పెద్దసారు ఆ పెద్దాయన్ని మాట్లాడనివ్వండి అన్నాడు.

కిష్టప్ప పిలవకుండానే లేచాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"మా తాత నాటి నుంచి దీనికి తూము పెట్టి మడి పారిచ్చుకుంటున్నం సారు. మోరీకి ఎవలన్న తూము పెట్టుకుంటరా?"

ఈసారి మొదటి వరుసల్లోనూ ఎవరూ నవ్వలేదు. వాళ్లలో సగం మంది పొలం పని చేసి వచ్చినవాళ్లే. తూము అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దసారు కిష్టప్ప సర్వే నంబరు అడిగి రాసుకున్నాడు. ఆ తూము ఇంకా ఉందా అని అడిగాడు. ఉందన్నాడు కిష్టప్ప. సర్వేయర్ని పంపి తనిఖీ చేయిస్తానని, దరఖాస్తుల్లో డ్రెయిను అన్న మాటను రాసిన మనిషి వాడుక ప్రకారం అర్థం చేసుకోవాలని పెద్దసారు తన క్లర్కుకు చెప్పి రాయించాడు. ఆ వాక్యం క్లర్కు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

శివమ్మ ఇంకా నిలబడే ఉంది. పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకుంది. వెంకటేశ్వరరావు ఆమె వైపు చూసి తల ఊపాడు. తన మాట రికార్డులోకి ఎక్కింది, తిట్టుగా కాకుండా ఎక్కింది. ఆయనకు అదే పెద్ద సంగతి.

జైపాల్ తొందరపడలేదు. ఫైలు మళ్లీ తెరిచాడు.

ఆ మాటను మన్నిస్తున్నానన్నాడు. పెద్దాయన వాడుక పెద్దాయనది, కాదనను అన్నాడు. అయితే దరఖాస్తులు మూడు కాదు, నాలుగు అన్నాడు. నాలుగోది పోయిన నెల ఇచ్చింది, అందులో డ్రెయిను అన్న మాటే లేదు, గుడివాడ మాట ఒక్కటి కూడా లేదు అన్నాడు. కాగితాన్ని పెద్దసారుకు ఇచ్చి, ఒక జిరాక్సు శివమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె ఈసారి చదివింది. మొదటి నుంచి చివరి దాకా, పెదాలు కదుపుతూ చదివింది.

‘పదకొండో వార్డులోని ఈదుల మోరీ నుంచి దుర్వాసన వచ్చుచున్నది. మోరీలో పిల్లలు పడిపోవు ప్రమాదమున్నది. కావున సదరు మోరీని పూర్తిగా స్లాబుతో మూయించగలరని ప్రార్థన.’

కింద ఆమె సంతకం. స్టాంపు. పైన అచ్చు వేసినట్టున్న అక్షరాలు.

ఈ కాగితం సంగతి ఆమెకు తెలియదు. ఆమె ఇలా ఎప్పుడూ చెప్పలేదు. పెద్దసారు మోరీ అన్న మాట కింద గీత గీసి, పక్కనున్న క్లర్కుకు చూపించాడు. ఇందాకటి వాక్యం ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఇది మీ ఊరి మాటే కదమ్మా అని శివమ్మను అడిగాడు. వెనక వరుసలో కిష్టప్ప కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

ఐదు కాగితాలు ఇచ్చింది. మూడు దరఖాస్తులయ్యాయి. ఒకటి ఇందాక చించింది, ముక్కలు కొంగులో ఉన్నాయి. ఐదోది ఏదని ఆ ఇంట్లో ఆమె అడగలేదు.

కాగితాన్ని వెంకటేశ్వరరావు కళ్ల ముందు పెట్టింది. గొంతు పెంచలేదు.

"సారు, ఇది మీ రాతేనా?"

"రాత నాదే." ఆయనకు ఆమె ఎందుకు అడుగుతోందో తెలియలేదు. "మాట నీదేగా. ఈసారి మా ఊరి మాట రాయించు, మోరీ అనే రాయించు అని నువ్వు చెప్పి పంపావన్నాడు. నేను సంతోషించానమ్మా. ఇన్నాళ్లకు మీ మాట రాస్తున్నానని."

"ఎవలు సారు? ఎవలు చెప్పిండ్రు మీకు?"

వెంకటేశ్వరరావు ఆమె ముఖం చూశాడు, అప్పుడు అర్థమైంది ఆయనకు. మెల్లగా తల తిప్పి తెల్లగుడ్డ తొడిగిన కుర్చీల వైపు, మూడో వరుస వైపు చూశాడు. ఆయన చూసిన చోటే శివమ్మ కూడా చూసింది.

ఫ్యాన్ తిరుగుతోంది. కుర్చీ మీద ఎర్ర టవలు ఉంది. నర్సింగ్ లేడు.